కాంకార్డ్: మూడున్నర గంటల్లో అట్లాంటిక్ దాటించిన విమానం ఎందుకు ఆగిపోయింది? ఖర్చు ఎవరు భరించారు?

శంషాబాద్‌లో లండన్ ఫ్లైట్ ఎక్కితే దాదాపు 10 గంటలు కూర్చోవాలి. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే అమ్మానాన్నల సంగతి చెప్పనే అక్కర్లేదు. దుబాయ్‌లోనో, దోహాలోనో దిగి, మళ్లీ సెక్యూరిటీ లైన్లో నిలబడి, ఇంకో విమానం ఎక్కి ఇల్లు చేరేసరికి ఒక రోజంతా పోతుంది.

మీ చేతిలోని ఫోన్ మూడేళ్లకే పాతబడిపోతోంది. విమానం వేగం మాత్రం 60 ఏళ్లుగా ఉన్నచోటే ఉంది. 1960ల్లో జెట్ విమానాలు గంటకు దాదాపు 900 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవి. ఇప్పటి కొత్త బోయింగ్, ఎయిర్‌బస్ విమానాలూ అంతే.

మధ్యలో ఒక్కటే మినహాయింపు. 1976 నుంచి 2003 వరకు 27 ఏళ్లపాటు గంటకు 2,150 కిలోమీటర్లకు పైగా వేగంతో మామూలు ప్రయాణికులను తీసుకెళ్లిన విమానం ఉండేది. దాని పేరు కాంకార్డ్. లండన్ నుంచి న్యూయార్క్‌కు మూడున్నర గంటలు. రెండు నగరాల మధ్య గడియారంలో తేడా 5 గంటలు కాబట్టి, ఉదయం పదిన్నరకు లండన్‌లో బయల్దేరినవాళ్లు అదే రోజు ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో న్యూయార్క్‌లో దిగేవారు. అంటే బయల్దేరిన టైమ్ కంటే ముందే చేరిపోయేవారు.

అంత గొప్ప విమానాన్ని ఎందుకు ఆపేశారు? చాలామంది చెప్పే జవాబు 2000లో జరిగిన ప్రమాదం. అది సగం నిజమే. అసలు లెక్క అంతకు చాలా ముందే తప్పింది. ఆ లెక్కలో ప్రజల సొమ్ము చాలా ఉంది.

రద్దు చేసుకునే వీల్లేని ఒప్పందం

1962 నవంబర్ 29న బ్రిటన్, ఫ్రాన్స్ ప్రభుత్వాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. ధ్వని కంటే వేగంగా వెళ్లే ప్రయాణికుల విమానాన్ని ఇద్దరం కలిసి తయారు చేద్దాం, ఖర్చు చెరి సగం అన్నది దాని సారాంశం. ఇది రెండు కంపెనీల మధ్య కాంట్రాక్టు కాదు, రెండు దేశాల మధ్య ఒప్పందం. ఇందులో ఏకపక్షంగా తప్పుకునే నిబంధన లేదు.

అప్పట్లో వేసిన అంచనా 15 నుంచి 17 కోట్ల పౌండ్లు. చివరికి తేలిన బిల్లు 100 కోట్ల పౌండ్లకు పైనే. ధరల పెరుగుదలను పక్కనపెట్టినా అంచనా ఎన్నో రెట్లు దాటింది. ఆ డబ్బు రెండు దేశాల పన్ను చెల్లింపుదారులది.

1964లో బ్రిటన్‌లో ప్రభుత్వం మారింది. కొత్తగా వచ్చిన లేబర్ ప్రభుత్వం ఖజానా పరిస్థితి చూసి కాంకార్డ్‌ను ఆపేద్దామనుకుంది. కానీ తప్పుకుంటే ఫ్రాన్స్ అంతర్జాతీయ కోర్టుకు వెళ్లొచ్చు, భారీగా పరిహారం కట్టాల్సి రావొచ్చు అని న్యాయ సలహాదారులు హెచ్చరించారు. ఆపడం కన్నా కొనసాగించడమే చవక అనిపించే పరిస్థితి. కొనసాగించారు.

'ఇప్పటికే ఇంత పెట్టాం కదా, ఇప్పుడు వదిలేస్తే ఎలా?' అనే ఆలోచనకు ఆ తర్వాత కాంకార్డ్ పేరే పెట్టారు. జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ తన విద్యార్థినితో కలిసి 1976లో రాసిన ఒక పరిశోధన పత్రం నుంచి 'కాంకార్డ్ ఫాలసీ' అనే మాట ప్రచారంలోకి వచ్చింది. పెట్టిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు, ఇకపై పెట్టబోయే దానికి ఫలితం ఉందా లేదా అన్నదే చూడాలి అన్నది దాని అర్థం. సగం కట్టి ఆగిన ప్రాజెక్టుల మీద జరిగే చర్చలు వినే మనకు ఇది కొత్త విషయమేమీ కాదు.

మొదటి కాంకార్డ్ 1969 మార్చి 2న ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో గాల్లోకి లేచింది. అంతకు రెండు నెలల ముందే, 1968 డిసెంబర్ 31న సోవియట్ యూనియన్ తన టీయూ-144ను ఎగరేసి 'మేమే ముందు' అనిపించుకుంది. కానీ 1973లో పారిస్ ఎయిర్ షోలో ఆ రకం విమానం ఒకటి కూలిపోయింది. తర్వాత మాస్కో నుంచి ఆల్మటీకి కేవలం 55 సార్లు ప్రయాణికులను తీసుకెళ్లి, 1978లో ఆ సర్వీసు ముగిసింది. అమెరికా అయితే బోయింగ్ డిజైన్ చేస్తున్న సూపర్‌సానిక్ విమానానికి 1971లో నిధులే ఆపేసింది. చివరికి మిగిలింది కాంకార్డ్ ఒక్కటే.

ఎయిరిండియా కూడా రెండు అడిగింది

ఇప్పుడు చాలామందికి తెలియని సంగతి. మొదట్లో కాంకార్డ్ మీద ప్రపంచంలోని పెద్ద ఎయిర్‌లైన్స్ అన్నీ ఆసక్తి చూపాయి. పాన్ అమెరికన్, టీడబ్ల్యూఏ, జపాన్ ఎయిర్‌లైన్స్, లుఫ్తాన్సా, క్వాంటాస్ ఇలా. ఆ వరుసలో మన ఎయిరిండియా కూడా ఉంది. రెండు విమానాలకు ఆప్షన్ తీసుకుంది. ఆప్షన్ అంటే కొనుగోలు కాదు, 'తయారయ్యాక కొనే క్యూలో నా చోటు ఉంచండి' అని చెప్పడం.

1973 జనవరి 31న పాన్ అమెరికన్, టీడబ్ల్యూఏ తమ ఆప్షన్లు వదులుకున్నాయి. ఆ తర్వాత మిగతావీ ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి. ఎయిరిండియా కూడా తీసుకోలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో అరబ్ దేశాల చమురు ఆంక్షలు మొదలయ్యాయి. కొన్ని నెలల్లోనే బ్యారెల్ ధర దాదాపు 3 డాలర్ల నుంచి 12 డాలర్లకు చేరింది.

మొత్తం తయారైనవి 20 విమానాలు. అందులో 6 పరీక్షల కోసం. సర్వీసులోకి వచ్చినవి 14. వాటిలో 7 బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు, 7 ఎయిర్ ఫ్రాన్స్‌కు. రెండూ అప్పట్లో ప్రభుత్వ సంస్థలే. అంటే ప్రభుత్వం తయారు చేయించింది, ప్రభుత్వమే కొనుక్కుంది. చివర్లో అమ్ముడుపోకుండా మిగిలిన విమానాలను నామమాత్రపు ధరకు ఆ రెండు సంస్థలకే ఇచ్చేశారు.

ఇంధనం లెక్క ఒకసారి చూడండి

నిండుగా ఇంధనం నింపుకుని టేకాఫ్‌కు సిద్ధమైన కాంకార్డ్ బరువు దాదాపు 185 టన్నులు. అందులో 95 టన్నులు ఇంధనమే. అంటే సగానికి పైగా. విమానంలో సీట్లు 100. ఒక్కొక్కరు సామానుతో కలిపి 100 కిలోలు అనుకున్నా ప్రయాణికుల బరువు 10 టన్నులు. ఆ 10 టన్నులను సముద్రం దాటించడానికి 95 టన్నుల ట్యాంకు.

అదే కాలంలో వచ్చిన బోయింగ్ 747 జంబో జెట్‌తో పోల్చి చూడండి. అట్లాంటిక్ దాటడానికి అది కాల్చే ఇంధనం కాంకార్డ్‌కు అయ్యే దానికి అటూ ఇటుగా సమానం. కానీ అందులో 350 నుంచి 400 మంది కూర్చుంటారు. ఒక్కో ప్రయాణికుడి లెక్కన చూస్తే కాంకార్డ్ ఖర్చు నాలుగింతలు. ఎయిర్‌లైన్స్ కాంకార్డ్‌ను కాదని జంబోను ఎందుకు కొన్నాయో అర్థం కావడానికి ఈ ఒక్క లెక్క చాలు.

ఎందుకు అంత ఇంధనం? ధ్వని వేగాన్ని దాటగానే గాలి నిరోధం బాగా పెరుగుతుంది. విమానానికి ఎదురయ్యే గాలి పక్కకు తప్పుకునే సమయం కూడా లేక ముందు గోడలా నొక్కుకుపోతుంది. దాన్ని చీల్చుకుని పోవడానికి సన్నటి ఒళ్లు, త్రిభుజం లాంటి రెక్కలు కావాలి. ఆ రెక్కలు ఎక్కువ వేగంలో బాగా పనిచేస్తాయి, తక్కువ వేగంలో అంత ఆసరా ఇవ్వవు. అందుకే టేకాఫ్ సమయంలో యుద్ధ విమానాల్లో మాదిరిగా ఇంజిన్ వెనుక అదనపు ఇంధనం మండించాల్సి వచ్చేది. ధ్వని వేగం దాటే దశలోనూ అంతే. రన్‌వే దగ్గర్లోని జనం చెవులు దిబ్బడలు వేసేది దీనివల్లే.

గాలి రాపిడికి విమానం ముక్కు 127 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కేది. వేడికి లోహం వ్యాకోచించి, గాల్లో ఉన్నంతసేపూ విమానం 15 నుంచి 25 సెంటీమీటర్లు పొడవు పెరిగేది. దిగాక మళ్లీ మామూలే. ఇలాంటి యంత్రానికి మెయింటెనెన్స్ ఎంత అవుతుందో ఊహించుకోవచ్చు. పైగా ప్రపంచం మొత్తం మీద ఉన్నవి 14. వేల సంఖ్యలో తిరిగే విమానానికి ఒక విడి భాగం తయారు చేయడం వేరు, 14 విమానాల కోసం అదే పని చేయడం వేరు.

అసలు చిక్కు శబ్దంతోనే

ఇంధనం ఖరీదైతే టికెట్ ధర పెంచుకోవచ్చు. కానీ కాంకార్డ్‌కు దారులు మూసేసింది సోనిక్ బూమ్.

ధ్వని వేగం దాటే క్షణంలో ఒక్కసారి 'ఢాం' అని పేలుడు వినిపించి ఊరుకుంటుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. గోదావరిలో లాంచీ వెళ్తుంటే వెనుక రెండు వైపులా అలలు పరుచుకుంటూ ఒడ్డు దాకా వస్తాయి కదా. లాంచీ కదులుతున్నంతసేపూ అలలు వస్తూనే ఉంటాయి. ఇదీ అంతే. ధ్వని కన్నా వేగంగా వెళ్తున్నంతసేపూ విమానం తన వెనుక ఒత్తిడి అలలను ఈడ్చుకుంటూ పోతుంది. అది దాటి వెళ్లిన ప్రతి ఊళ్లోనూ పిడుగు పడ్డట్టు శబ్దం వినిపిస్తుంది. 60 వేల అడుగుల ఎత్తులో వెళ్తుంటే ఆ శబ్దం పడే పట్టీ వెడల్పు సుమారు 100 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ మీదుగా అలా వెళ్లిందనుకోండి, దారికి రెండు పక్కలా 50 కిలోమీటర్ల దాకా ఏ ఊరూ తప్పించుకోదు.

జనం దీనికి అలవాటు పడతారేమో చూద్దామని అమెరికా 1964లో ఓక్లహోమా సిటీ మీద ప్రయోగం చేసింది. ఆరు నెలల్లో 1,253 సోనిక్ బూమ్‌లు. కిటికీ అద్దాలు పగిలాయి, ఫిర్యాదులు వేలల్లో వచ్చాయి. ఇలాంటి శబ్దంతో బతకలేమని నాలుగో వంతుకు పైగా జనం చెప్పారు. 1973లో అమెరికా తన భూభాగం మీదుగా పౌర విమానాలు ధ్వని వేగం దాటకూడదని నిషేధించింది. చాలా దేశాలు అదే బాట పట్టాయి.

అందులో మన దేశం కూడా ఉంది. 1976 జనవరి 21న బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన మొదటి కాంకార్డ్ సర్వీసును నడిపింది లండన్ నుంచి బహ్రెయిన్‌కు. అక్కడి నుంచి సింగపూర్ దాకా పొడిగించాలన్నది ప్లాన్. కానీ తన గగనతలంలో ధ్వని వేగం దాటేందుకు భారత్ ఒప్పుకోలేదు. మలేసియా కూడా శబ్దం గురించి అభ్యంతరం చెప్పింది. 1977 డిసెంబర్‌లో మొదలైన సింగపూర్ సర్వీసు మూడు ట్రిప్పులకే ఆగింది. 1979లో దారి మార్చి మళ్లీ మొదలుపెట్టి, 1980లో పూర్తిగా మానుకున్నారు.

దీంతో కాంకార్డ్‌కు మిగిలింది సముద్రం మీది దారులు. పసిఫిక్ దాటుదామంటే విమానం ఒక్క దమ్ములో వెళ్లగలిగింది దాదాపు 7,200 కిలోమీటర్లే. మన హైదరాబాద్ నుంచి లండన్‌కే అంతకంటే ఎక్కువ దూరం. అంటే ఎవరూ అడ్డు చెప్పకపోయినా శంషాబాద్ నుంచి లండన్‌కు కాంకార్డ్ ఆగకుండా వెళ్లలేదు.

చివరికి నికరంగా నిలబడింది ఒక్క అట్లాంటిక్. అక్కడా గొడవే. శబ్దం సాకుతో న్యూయార్క్ విమానాశ్రయ అధికారులు కాంకార్డ్‌ను రానివ్వలేదు. విషయం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడ అడ్డంకి తొలగాక 1977 నవంబర్ 22న లండన్, పారిస్‌ల నుంచి న్యూయార్క్ సర్వీసులు మొదలయ్యాయి. ఒప్పందం మీద సంతకాలు పెట్టి అప్పటికి 15 ఏళ్లు.

మరి లాభాలు వచ్చాయంటారే?

వచ్చాయి. కానీ ఎలా వచ్చాయో చూడాలి.

1980ల మొదట్లో బ్రిటన్‌లో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం ఖర్చులు తగ్గించే పనిలో ఉంది. అప్పటివరకు కాంకార్డ్ విడి భాగాలకు, తయారీ కంపెనీల సాంకేతిక సాయానికి అయ్యే ఖర్చును ప్రభుత్వమే భరిస్తూ, నడపడంలో మిగిలిన దాంట్లో 80 శాతం తీసుకునేది. ఇక మావల్ల కాదు, మీరే చూసుకోండి అని ప్రభుత్వం చెప్పింది. 1984లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ దాదాపు 1.65 కోట్ల పౌండ్లు కట్టి విడి భాగాల నిల్వలతో సహా మొత్తం బాధ్యత తీసుకుంది. ఇకపై మిగిలిందంతా దానిదే.

ఆ తర్వాత కంపెనీ చేసిన పని నాకు ఈ కథ మొత్తంలో బాగా ఆసక్తిగా అనిపించింది. కాంకార్డ్‌లో తిరిగే కంపెనీ అధికారులను, 'మీ టికెట్ ఎంత అయి ఉంటుందనుకుంటున్నారు?' అని అడిగారు. టికెట్లు బుక్ చేసేది ఆఫీసు సిబ్బంది, డబ్బు కట్టేది కంపెనీ. చాలామందికి అసలు ధర తెలియదు. వాళ్లు చెప్పిన అంచనా అసలు ధర కంటే ఎక్కువ ఉంది. ఇంకేం, ధర పెంచేశారు. అయినా జనం ఎక్కారు.

1997 నాటికి న్యూయార్క్–లండన్ రానుపోను టికెట్ దాదాపు 8 వేల డాలర్లు. అప్పటి మారకపు రేటులో 2.9 లక్షల రూపాయల దాకా. సినీ తారలు, బ్యాంకర్లు, కంపెనీల అధిపతులు వాడే విమానం అయింది. మిగతా సమయంలో చార్టర్ ట్రిప్పులకు ఇచ్చేవారు. జీవితంలో ఒక్కసారి కాంకార్డ్ ఎక్కాలనుకునే మామూలు జనం వాటికి వెళ్లేవారు. బాగా నడిచిన ఏడాదిలో బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు 5 కోట్ల పౌండ్ల వరకు లాభం వచ్చిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఎయిర్ ఫ్రాన్స్‌కు అలాంటి రోజులు రాలేదు.

అయితే ఈ లాభంలో తయారీకి పెట్టిన 100 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చు లేదు. విమానాల అసలు ధర కూడా పూర్తిగా లేదు. తాత కట్టించిన బిల్డింగులో మనవడు హోటల్ పెట్టి, అద్దె లేదు కాబట్టి బాగా మిగులుతోందని చెప్పుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే. హోటల్ లాభం నిజమే. బిల్డింగు ఖర్చు ఎప్పటికీ తిరిగి రాలేదన్నదీ నిజమే.

27 ఏళ్లలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ కాంకార్డ్‌లలో ప్రయాణించినవాళ్లు 25 లక్షల మందికి పైగా. వినడానికి పెద్ద సంఖ్యే. 2023–24లో ఒక్క శంషాబాద్ విమానాశ్రయం నుంచి 2.5 కోట్ల మంది రాకపోకలు సాగించారు. అంటే అక్కడ ఐదారు వారాల రద్దీ. కోట్ల మంది పన్నులు కట్టి తయారు చేయించిన విమానం ఎక్కింది ఎందరో, ఎవరో ఈ లెక్క చెబుతుంది.

ప్రభుత్వ డబ్బంతా నీళ్లపాలైందా అంటే, అలా కూడా అనలేం. రెండు దేశాల ఇంజినీర్లు ఒక విమానాన్ని కలిసి తయారు చేయడం నేర్చుకున్నది ఇక్కడే. పైలట్ ఆదేశాలను వైర్ల ద్వారా విద్యుత్ సంకేతాలుగా పంపే పద్ధతి, కార్బన్ బ్రేకులు కాంకార్డ్‌లో వాడారు. తర్వాత అవే మామూలు విమానాల్లోకి వచ్చాయి. మీరు ఎక్కే ఎయిర్‌బస్ విమానాల పుట్టిల్లు, కాంకార్డ్ మొదట ఎగిరిన ఊరు రెండూ తులూజే.

2000 జులై 25

ఆ రోజు పారిస్ నుంచి న్యూయార్క్‌కు బయల్దేరిన ఎయిర్ ఫ్రాన్స్ కాంకార్డ్ టేకాఫ్ అవుతుండగా మంటల్లో చిక్కుకుని, నిమిషాల్లో ఒక హోటల్ మీద కూలిపోయింది. విమానంలోని 109 మంది, నేల మీద నలుగురు, మొత్తం 113 మంది చనిపోయారు.

దర్యాప్తులో తేలింది ఇదీ: ఐదు నిమిషాల ముందు అదే రన్‌వే మీది నుంచి వెళ్లిన వేరే విమానం నుంచి ఒక లోహపు పట్టీ ఊడిపడింది. కాంకార్డ్ టైరు దాని మీదుగా వెళ్లి పేలింది. టైరు ముక్క రెక్క అడుగు భాగాన్ని బలంగా తాకడంతో లోపలి ఇంధన ట్యాంకు పగిలింది. కారిన ఇంధనానికి నిప్పంటుకుంది.

టైర్ల గురించి అంతకుముందు సంకేతాలు లేకపోలేదు. 1979లో వాషింగ్టన్‌లో ఒక కాంకార్డ్ టైర్లు పేలి, ముక్కలు ట్యాంకులకు రంధ్రాలు చేశాయి. అప్పుడు క్షేమంగా దిగారు. టేకాఫ్ వేగం చాలా ఎక్కువ కాబట్టి టైర్ల మీద భారం కూడా ఎక్కువే. ఆ తర్వాత కొన్ని మార్పులు చేశారు. ట్యాంకుల లోపలి రక్షణ పొర మాత్రం 113 మంది పోయాకే వచ్చింది.

ఇక్కడ ఇంకో సంగతి. 2000 జులై 24 వరకు గణాంకాల ప్రకారం కాంకార్డ్ ప్రపంచంలోకెల్లా సురక్షితమైన విమానాల్లో ఒకటి, ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు. మరుసటి రోజుకు అదే గణాంకాల్లో అట్టడుగున చేరింది. కారణం, మొత్తం ట్రిప్పులే తక్కువ. విమానం ఒక్క రోజులో మారలేదు. తక్కువ సంఖ్యల మీద తీసిన సగటును ఎంత నమ్మాలో చెప్పే ఉదాహరణ ఇది.

సర్వీసులు ఆపేశారు. ట్యాంకులకు లోపల కెవ్లార్ పొర వేశారు. సులువుగా ముక్కలు కాని కొత్త టైర్లను మిషెలిన్ తయారు చేసింది. మార్పుల కోసం బ్రిటిష్ ఎయిర్‌వేస్ 1.7 కోట్ల పౌండ్లు ఖర్చు పెట్టింది. అన్నీ సిద్ధమయ్యాక తన ఉద్యోగులనే ప్రయాణికులుగా ఎక్కించి అట్లాంటిక్ మీద ఒక పరీక్ష ట్రిప్పు వేసింది. ఆ విమానం లండన్‌లో దిగేసరికి న్యూయార్క్‌లో జంట టవర్ల మీద దాడి జరిగింది. ఆ తేదీ 2001 సెప్టెంబర్ 11.

నవంబర్ 7న మళ్లీ ప్రయాణికుల సర్వీసు మొదలైంది. కానీ ఎక్కేవాళ్లు మునుపటిలా రాలేదు. కంపెనీలు ప్రయాణ ఖర్చులు తగ్గించుకున్నాయి. తర్వాత ఇరాక్ యుద్ధం, సార్స్ భయం.

దీనికి తోడు పోటీ తన ఇంట్లో నుంచే వచ్చింది. 2000లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన మామూలు విమానాల బిజినెస్ క్లాసులోనే పూర్తిగా పడుకునే సీట్లు పెట్టింది. న్యూయార్క్ నుంచి రాత్రి ఎక్కి, పడుకుని నిద్రపోతే ఉదయానికి లండన్. అదే దారిలో కాంకార్డ్ ఎక్కితే ఉదయం బయల్దేరి సాయంత్రం దిగాలి, గడియారం తేడా వల్ల పనిదినం మొత్తం పోతుంది. ఇరుకు సీట్లో మూడున్నర గంటలా, మంచం మీద ఏడు గంటలా? అధికారులు లెక్క వేసుకున్నారు.

చివరి దెబ్బ విడి భాగాల దగ్గర

2003 ఏప్రిల్ 10న రెండు సంస్థలూ ఒకేసారి ప్రకటించాయి, ఈ ఏడాదితో కాంకార్డ్ సేవలు ముగిస్తున్నామని. ఎయిర్ ఫ్రాన్స్ మే 31న ఆపింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ అక్టోబర్ 24న.

బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఇంకొన్నేళ్లు ఎందుకు నడపలేదు? ప్రయాణికుల విమానం ఎగరాలంటే దాని డిజైన్‌కు బాధ్యత తీసుకునే ఒక సంస్థ ఉండాలి. తనిఖీలు ఎప్పుడు చేయాలి, ఏ భాగం ఎన్ని గంటలకు మార్చాలి అని చెప్పేది ఆ సంస్థే. కాంకార్డ్ విషయంలో ఆ బాధ్యత చివరికి ఎయిర్‌బస్‌కు వచ్చింది. విమానాలు పాతబడుతున్నాయి, ఇకపై మెయింటెనెన్స్ ఖర్చు బాగా పెరుగుతుందని ఎయిర్‌బస్ చెప్పింది. ఎయిర్ ఫ్రాన్స్ తప్పుకుంటే ఆ బిల్లు మొత్తం ఏడు విమానాలున్న ఒక్క కంపెనీ మీద పడుతుంది. అపార్ట్‌మెంట్‌లో సగం ఫ్లాట్లవాళ్లు లిఫ్ట్ మెయింటెనెన్స్ కట్టడం మానేస్తే మిగతావాళ్ల పరిస్థితి ఎలా ఉంటుందో తెలుసు కదా.

వర్జిన్ అట్లాంటిక్ అధిపతి రిచర్డ్ బ్రాన్సన్ మాకివ్వండి, మేం నడుపుతాం అన్నారు. ఒక్కో విమానానికి ఒక్క పౌండ్ ఇస్తానని మొదలుపెట్టి, చివరికి 50 లక్షల పౌండ్ల దాకా వెళ్లారు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఇవ్వలేదు. అది నిజంగా కొనాలన్న కోరికో, పబ్లిసిటీయో అన్నది ఎవరి అభిప్రాయం వారిది. ఎయిర్‌బస్ సహకారం లేకుండా ఎవరు కొన్నా విమానాలు ఎగిరేవి మాత్రం కాదు.

మళ్లీ వస్తాయా?

అమెరికా కంపెనీ బూమ్ సూపర్‌సానిక్ 'ఓవర్‌చర్' అనే విమానాన్ని తయారు చేస్తామంటోంది. 60 నుంచి 80 సీట్లు, ధ్వని కంటే 1.7 రెట్లు వేగం. యునైటెడ్, అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఒప్పందాలు చేసుకున్నాయి. ఆ కంపెనీ తయారు చేసిన చిన్న పరీక్ష విమానం 2025 జనవరి 28న ధ్వని వేగాన్ని దాటింది. భూమి మీదుగా ఉన్న 1973 నాటి నిషేధాన్ని తొలగించే దిశగా అదే ఏడాది జూన్‌లో అమెరికా అధ్యక్షుడు ఉత్తర్వులు ఇచ్చారు. శబ్దాన్ని చిన్న చప్పుడు స్థాయికి తగ్గించొచ్చా అని నాసా ఎక్స్-59 అనే విమానంతో పరీక్షిస్తోంది. మరోవైపు ఇదే రంగంలో ఆశలు రేపిన ఏరియన్ అనే కంపెనీ 2021లో డబ్బు సమకూరక మూతపడింది.

ఇలాంటి వార్త మీ ఫోన్‌లో కనిపించినప్పుడు మూడు విషయాలు వెతకండి: ఒక్కో ప్రయాణికుడికి ఇంధనం ఎంత, భూమి మీదుగా వెళ్లే అనుమతి ఏ దేశాలు ఇచ్చాయి, ఇంజిన్ ఎవరు తయారు చేస్తున్నారు. 'ఒప్పందం' అన్న మాట దగ్గర అది కొనుగోలో, ఆప్షనో కూడా చూడండి. 1960ల్లో కాంకార్డ్‌కు ఆప్షన్లు డజనుకు పైగా కంపెనీలు ఇచ్చాయి. కొన్నవి రెండు.

ఇక కాంకార్డ్‌ను చూడాలంటే మ్యూజియాలకు వెళ్లాలి. న్యూయార్క్ వెళ్లే పని ఉంటే మాన్‌హటన్ ఒడ్డున ఉన్న ఇంట్రెపిడ్ మ్యూజియంలో ఒకటి ఉంది. రిజిస్ట్రేషన్ జీ-బీవోఏడీ. సింగపూర్ సర్వీసు రోజుల్లో ఒక పక్క సింగపూర్ ఎయిర్‌లైన్స్ రంగులు వేసుకుని మన వైపు వచ్చిపోయింది ఇదే. 1996 ఫిబ్రవరి 7న న్యూయార్క్ నుంచి లండన్‌కు 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో చేరి రికార్డు పెట్టిందీ ఇదే. ప్రయాణికుల విమానాల్లో ఆ రికార్డును ఇప్పటిదాకా ఏదీ దాటలేదు.